నెల్డా వదిన రెండు జవాబులు

మా వదిన నెల్డా సెట్జర్ గురించి ఎవరైనా నోరు జారితే నాకు చిర్రెత్తుకొస్తుంది. ముందే చెబుతున్నాను, నేను మధ్యస్థురాలిని కాను. ఆమె నా భర్త గార్లండ్‌కు అక్క. నేను గార్లండ్‌ను పెళ్లాడిన రోజు నుంచీ నా వంటకు వంక పెడుతూనే ఉంది, నా పిల్లలకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకుని కూర్చుంటూనే ఉంది. అలాంటి మనిషి ఒక ఆఫీసుకు ఒళ్లు బాగుందని చెప్పి నిరుద్యోగ భృతి తీసుకుంటోందనీ, ఇంకో ఆఫీసుకు ఒళ్లు బాగాలేదని చెప్పి వికలాంగుల పింఛను అడుగుతోందనీ ఊరంతా చెవులు కొరుక్కుంది. రెండేళ్లు విన్నాను. ఇప్పుడు నా వంతు.

మాది నార్త్ కరోలినాలో సోఫాలు చేసే ఊరు. సోఫా అడుగున స్ప్రింగులను పురితాడుతో ముందుకూ వెనక్కూ, అడ్డంగా, ఐమూలగా ఎనిమిది వైపులా లాగి కట్టాలి. ఒక్క ముడి వదులైనా పదేళ్ల తర్వాత ఆ చోట గుంట పడుతుంది. గట్టి చేతుల మగవాళ్లు చేసే పని అది. ఆ వరసలో నిలబడ్డ ఒకే ఒక్క ఆడమనిషి మా వదిన. ముప్ఫై ఒక్క ఏళ్లు నిలబడింది. ఎవరింటికి వెళ్లినా సోఫాలో కూర్చునే ముందు అరచేత్తో నొక్కి చూసేది. "ఇది ఆర్విల్ కట్టింది, సోమవారం కట్టుంటాడు" అనేది. ఆర్విల్ ఆదివారాలు బాగా తాగేవాడు.

2008లో, థాంక్స్‌గివింగ్ పండగకు తొమ్మిది రోజుల ముందు ఫ్యాక్టరీ మూసేశారు. వదినకు అప్పుడు యాభై మూడేళ్లు. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. రెండు మణికట్లకూ అప్పటికే ఆపరేషన్లయ్యాయి. ఆ సంగతి పైకి కనపడనీయకుండా వేళ్లకు ప్లాస్టరు చుట్టుకుని పని చేసేది. మెడలో ఒక ఎముక అరిగిందని డాక్టరు చెప్పినా మాకు చెప్పలేదు. ఆ మందుల చీటీ ఆమె బైబిల్లో దొరికితే నాకు తెలిసింది.

భృతి రావాలంటే ప్రతి ఆదివారం ఫోన్ చేయాలి. అవతల మెషిన్ అడుగుతుంది, ఈ వారం పని చేయగల స్థితిలో ఉన్నారా, పని దొరికితే చేస్తారా అని. అవునంటే ఒకటి నొక్కాలి. వారానికి రెండు చోట్ల పని అడిగినట్టు రాసి ఉంచుకోవాలి కూడా. ఊళ్లో చాలామంది తెలిసినవాళ్ల షాపుల పేర్లు రాసి ఊరుకునేవాళ్లు. తప్పు పట్టను, అందరికీ ఇల్లు గడవాలి. మా వదిన మాత్రం ఇస్త్రీ బట్టలు వేసుకుని నిజంగానే వెళ్లేది. ఊళ్లో షాపులన్నీ అయిపోతే మళ్లీ మొదటి షాపుకు వెళ్లేది. పక్క ఊళ్లూ అయిపోయాయి. స్కూలు పిల్లలు రాసుకునే నోటుపుస్తకంలో తేదీ, షాపు పేరు, తను ఏం చెప్పింది, వాళ్లు ఏమన్నారు, అన్నీ రాసేది.

వేడి వేడి బన్నుల్లాంటి బిస్కట్లు అమ్మే కాయ్ ఐసన్‌హవర్ హోటలుకు ఆమె వెళ్లినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. పొద్దున రద్దీ తగ్గింది. కాయ్ పెనం మీద పంది కాలేయంతో చేసే లివర్‌మష్ ముక్కలు తిప్పుతున్నాడు.

"కాయ్, పనేమైనా ఉందా?" అంది వదిన.

"నీకా? ఏం చేస్తావు?"

"కౌంటర్లో కూర్చుంటాను. బల్లలు తుడుస్తాను. పిండి బస్తాలు ఎత్తలేను. మధ్యాహ్నం దాటితే వేళ్లు పట్టు తప్పుతాయి, కాబట్టి వేడి పళ్లేలు నా చేతికివ్వొద్దు."

కాయ్ నవ్వాడు. "పని అడగడానికొచ్చి చేయలేనివి ఏకరువు పెట్టేదాన్ని నిన్నే చూశాను."

"ఇప్పుడు చెప్పకపోతే రేపు నీ పళ్లెం పగిలాక చెప్పాలి."

"పళ్లెం పగలగొట్టనివాళ్లే నాకు కావాలి నెల్డా. ఏమీ అనుకోకు."

"అనుకోడానికేముంది" అని అక్కడే కౌంటరు మీద పుస్తకం తెరిచి రాసుకుంది. పెన్నును పిడికిలితో పట్టుకుని రాస్తుంది, రెండు వేళ్ల మధ్య నిలవదు. బయటికొచ్చాక కారు తలుపు తీయలేక నా వైపు చూడకుండా నిలబడింది. నేను తీశాను.

పింఛనుకు దరఖాస్తు పెట్టమని పోరు పెట్టింది నేనే. డాక్టరు కూడా చెప్పాడు, స్ప్రింగులు కట్టే పని ఈ జన్మలో ఇక కుదరదని.

"పింఛనేంటే? కుంటిదాన్నా నేను?"

"కుంటివాళ్లకే కాదు వదినా. ముప్ఫై ఒక్క ఏళ్లు నీ జీతంలోంచి కోసుకున్నారు కదా, అందులోంచే ఇస్తారు."

"పని వెతుక్కుంటూ పింఛను అడిగితే జనం ఏమంటారు?"

"జనం నీ కరెంటు బిల్లు కడతారా?"

చివరికి ఒప్పుకుంది. ఫారం మా వంటింటి బల్ల మీద పెట్టుకుని తనే రాసింది, నన్ను రాయనివ్వలేదు. రోజంతా ఏం చేస్తారు, ఎంత బరువు ఎత్తుతారు, ఇంటి పనులేం చేసుకుంటారు అని అందులో ప్రశ్నలు. నేను బీన్స్ పొయ్యి మీద పెట్టి ఆమె భుజం మీదుగా చూశాను.

వంట నేనే చేసుకుంటాను అని రాసింది. ఉతుకుడు నేనే. యాభై పౌన్ల బస్తా ఎత్తుతాను. తోట తవ్వుతాను. ఇంటి ముందు పచ్చిక నేనే కోస్తాను. ఎవరి సాయమూ అక్కర్లేదు.

అందులో ముప్పావు అబద్ధం. బస్తా ఎత్తడం ఫ్యాక్టరీ ఉన్న రోజుల మాట. వంటంటే ఆమె పొద్దున ఒక్కసారి చేసి మూడు రోజులు తింటుంది. పచ్చిక సంగతైతే మరీ దారుణం. మంగళవారం మెషిన్ తోసుకుంటూ రెండు వరసలు కోసి, ఎండ ఎక్కువగా ఉందని లోపలికి పోతుంది. బుధవారం సాయంత్రం ఆమె ప్రార్థనకు చర్చికి వెళ్లగానే గార్లండ్ గబగబా వచ్చి మిగతాది కోసేసి, ఆమె తిరిగొచ్చేలోగా వెళ్లిపోతాడు. అక్క పరువు పోతుందని ఆయన, తెలిస్తే తిడుతుందని నేను, ఇద్దరం నోరు మెదపలేదు.

"వదినా, ఇది చేయలేనివి చెప్పమని అడిగే కాగితం" అన్నాను మెల్లగా.

"అడిగినదానికి రాశాను."

"బస్తా?"

"అవసరమైతే ఎత్తుతాను."

మా ఊరి మనుషులు అంతే. మోకాలు విరిగినవాణ్ని ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానంటాడు. మా అత్తగారు పోయే వారం కూడా మంచంలో కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది, ఆ తల్లి బిడ్డే ఈమె. నేను గట్టిగా అడ్డుపడి ఉండాల్సింది. పడలేదు, ఆ తప్పు నాదే.

దరఖాస్తు తిరిగొచ్చింది. మళ్లీ పెట్టాం, మళ్లీ తిరిగొచ్చింది. కారణం కింద ఆమె రాసిందే ఆమెకు అప్పజెప్పారు. మీరు తోట తవ్వుతారు, పచ్చిక కోస్తారు, యాభై పౌన్లు ఎత్తుతారు, కాబట్టి మీరు పని చేయగలరు. ఎలా తప్పు పడతాను వాళ్లని?

ఈలోగా ఊరికి సంగతి తెలిసింది. ఒక శనివారం మేం బిస్కట్లు కట్టించుకుంటుంటే కాయ్ అందరూ వినేలా అన్నాడు, "నెల్డా, ఇవాళ ఏ ఒళ్లుతో వచ్చావు? బాగున్న ఒళ్లా, బాగాలేని ఒళ్లా?" హోటలంతా నవ్వింది. నేను నోరు తెరిచేలోపు వదిన నా చెయ్యి పట్టుకుంది. పట్టులో బలమే లేదు, అయినా ఆగాను. బిస్కట్లు తీసుకుని, థాంక్స్ చెప్పి బయటికి నడిచింది. ఆ రోజు ఇంటికి వచ్చి ఏమీ తినలేదు. "నన్ను అబద్ధాలకోరు అన్నారే ట్రెవా" అంది. పింఛను రాకపోతే ఇల్లు నిలవదని నాకు భయం. ఆమెకు మాత్రం ఆ మాటే పట్టుకుంది.

మూడోసారి జడ్జి ముందు విచారణ. గెలిస్తేనే ఫీజు తీసుకునే ఒక కుర్ర లాయరును పెట్టుకున్నాం, టాల్బట్ అని. చొక్కా ఎప్పుడూ నలిగి ఉంటుంది గానీ బుర్ర మంచిది.

"రెండూ ఒకేసారి అడగడం నేరం కాదండి" అన్నాడు. "మీకు యాభై అయిదు నిండాయి. ఆ వయసు దాటాక, మీ పాత పని ఇక చేయలేరని తేలితే, కాస్త తేలిక పని చేయగలిగినా పింఛను రావచ్చు. కానీ జడ్జి అడుగుతాడు, వారం వారం చేయగలనని ఎందుకు నొక్కారని. డబ్బు అవసరమై నొక్కానని చెప్పండి. అర్థం చేసుకుంటారు."

"అంటే అబద్ధమాడానని చెప్పమంటావా బాబూ?"

"అలా కాదు..."

"మరెలా? నేను నొక్కింది నిజమే. దాన్ని అబద్ధమని చెబితే అప్పుడు అబద్ధమాడినట్టు."

టాల్బట్ నా వైపు చూశాడు. నన్ను చూసి లాభం లేదని అతనికి తర్వాత తెలిసింది.

విచారణ రోజు పొద్దున ఆమె గౌను బొత్తాలు నేను పెట్టాను. షార్లెట్ నగరానికి గార్లండ్ కారు నడిపాడు. గది చిన్నది. జడ్జి నల్ల గౌనులో, ముక్కు చివర కళ్లద్దాలతో ఉన్నాడు. పక్కన ఉద్యోగాల సంగతి తెలిసిన ఒక నిపుణురాలు, ఒక రికార్డు మెషిన్. వదిన ఒప్పుకుంది కాబట్టి నన్నూ గార్లండ్‌నూ వెనక కుర్చీల్లో కూర్చోనిచ్చారు.

జడ్జి ఆపరేషన్ల గురించి, మెడ గురించి అడిగాడు. తర్వాత మేం భయపడ్డ ప్రశ్నే వచ్చింది.

"సెట్జర్ గారూ, దాదాపు రెండేళ్లు ప్రతి వారం పని చేయగలనని చెప్పి భృతి తీసుకున్నారు. ఇక్కడ చేయలేనంటున్నారు. ఏది నిజం?"

"రెండూ నిజమేనయ్యా."

టాల్బట్ కళ్లు మూసుకున్నాడు.

"ఎలా?"

"పని చేయగలవా అని ఆ మెషిన్ అడిగింది. చేయగలను. నీ పాత పని చేయగలవా అని అడగలేదు, ఎనిమిది గంటలు నిలబడగలవా అని అడగలేదు. అడిగుంటే లేదని నొక్కేదాన్ని. నాకు చేతనైన పని కోసం వెళ్లి అడిగాను. నూట ఎనభై ఏడు సార్లు అడిగాను. ఏం చేయగలనో, ఏం చేయలేనో ప్రతి చోటా ముందే చెప్పాను. ఎవరూ తీసుకోలేదు. మీ దగ్గర అలాంటి పనుంటే అడ్రసు రాసివ్వండి, సోమవారం పొద్దున వెళతాను."

అప్పటికి రెండైన ఆ నోటుపుస్తకాలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. అవి తేవొద్దని టాల్బట్ చెప్పాడు, ఆమె వినలేదు. జడ్జి తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఒక పేజీ రెండు పేజీలు కాదు, చాలాసేపు చదివాడు. ఒకచోట పైకే చదివాడు. "పశువుల దాణా షాపు. బస్తాలు ఎత్తలేనని చెప్పాను. పాల డబ్బా కంటే బరువు పట్టుకోలేనన్నాను. గల్లా దగ్గర కూర్చుంటానన్నాను. గల్లా దగ్గర ఆయన భార్య ఉంది, లేదన్నారు. మర్యాదగానే చెప్పారు."

నిపుణురాలిని ఏదో అడిగాడు. స్ప్రింగులు కట్టే నేర్పు ఇంకే పనికీ అక్కరకు రాదని ఆమె చెప్పింది. ముప్ఫై ఒక్క ఏళ్ల పనితనం ఎక్కడా చెల్లదని అంత సులువుగా ఎలా అంటారో.

"ఈ భృతి సంగతితో నాకు పేచీ లేదు" అన్నాడు జడ్జి పుస్తకం మూసి. "నా పేచీ దీంతో." దరఖాస్తు ఫారం పైకెత్తాడు. "ఇది మీ రాతేనా?"

"నాదేనయ్యా."

"ఆ పుస్తకంలో ఉన్నావిడ పాల డబ్బా కంటే బరువు పట్టుకోలేనంటుంది. ఈ కాగితంలో ఉన్నావిడ యాభై పౌన్ల బస్తా ఎత్తుతుంది, తోట తవ్వుతుంది, పచ్చిక కోస్తుంది, ఎవరి సాయమూ అక్కర్లేదంటుంది. రెండూ మీ చేత్తో రాసినవే. నేను ఎవర్ని నమ్మాలి?"

ఊరంతా రెండేళ్లు తప్పు ప్రశ్న అడిగింది. మేమూ తప్పు ప్రశ్నకే భయపడ్డాం. ఇక్కడ ఆమె ఆ కాగితంలో రాసిన మాట నిలబెట్టుకుంటే పింఛను పోతుంది. ఆ మాట వదులుకుంటే, జీవితమంతా కాపాడుకున్న పరువు పోతుంది. ఆమె మెడ తిరగదు కాబట్టి కుర్చీతో సహా పక్కకు జరిగి గార్లండ్‌ను చూసింది. మళ్లీ జడ్జి వైపు జరిగింది.

"పచ్చిక నా తమ్ముడు కోస్తాడయ్యా."

గార్లండ్ తల వంచుకుని టోపీ అంచు నలుపుతున్నాడు.

"నేను రెండు వరసలు కోసి ఆగిపోతాను. బుధవారం నేను చర్చిలో ఉన్నప్పుడు వాడొచ్చి మిగతాది కోసిపోతాడు. రెండు వేసవులుగా తెలుసు నాకు. తెలియనట్టు ఉన్నాను. బస్తా ఎత్తలేను. తోటలో మోకాళ్ల మీద కూర్చుంటే లేవలేను. ఇవాళ ఈ గౌను బొత్తాలు మా మరదలు పెట్టింది."

"మరి ఇలా ఎందుకు రాశారు?"

"షాపువాళ్లకు చెప్పకపోతే వాళ్లను మోసం చేసినట్టు. అందుకని చెప్పగలిగాను. ఇది నా కోసం నేను అడిగే కాగితం. దాని మీద చేతకాదు అని రాయడానికి నా చెయ్యి రాలేదు. రాసింది అబద్ధమే. ప్రమాణం చేసి మరీ రాశాను. దానికి శిక్ష ఉంటే వేయండి."

జడ్జి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చేయలేనని రాసిన అబద్ధాలు చాలా చూశాను. ఈ వైపు అబద్ధం తక్కువే" అన్నాడు. రికార్డు మెషిన్ ఆపమన్నాడు.

నాకు గుండె పొంగిపోయింది. ఏడుపొచ్చింది, ఏడవలేదు, ఏడిస్తే ఆమె ఊరుకోదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో వదిన గార్లండ్‌తో అంది, "ఒరే, కంచె పక్కన అంచులు సరిగ్గా కోయవు నువ్వు."

"దొంగతనంగా కోసేవాడికి అంచులు కూడానా అక్కా?"

"ఇక దొంగతనం దేనికి? పగటిపూట రా. నీళ్ల సీసా తెచ్చుకో, నేను ఇవ్వను."

గార్లండ్ అప్పుడు నవ్వాడు. అంతలోనే కళ్లు తుడుచుకోడానికి కారు పక్కకు ఆపాల్సొచ్చింది, ఇంజను వేడెక్కిందని వంక పెట్టాడు.

తీర్పు ఫిబ్రవరిలో వచ్చింది. భృతి వారాలు అప్పటికే అయిపోయి, ఆమె ఒక గది తప్ప ఇల్లంతా హీటరు ఆపుకుని బతుకుతోంది. లావుపాటి కవరు. నన్ను చదవమంది. యాభై అయిదేళ్లు నిండిన రోజు నుంచి పింఛను మంజూరైందని మొదటి పేజీలోనే ఉంది. నేను కేక పెట్టి ఆమెను వాటేసుకున్నాను.

"ఆగవే. నా గురించి ఏమన్నాడు?"

వెతికాను. నాలుగో పేజీలో దొరికింది. ఈమె ముప్ఫై ఒక్క ఏళ్లు ఎడతెగకుండా పని చేసింది, తన శక్తి మేరకు పని వెతకడం ఈమె పింఛను కోరికకు విరుద్ధం కాదు, ఈమె సాక్ష్యం నమ్మదగినది.

"మళ్లీ చదువు."

చదివాను.

"చివరి మాట ఒక్కటీ."

"నమ్మదగినది" అని చదివాను. ఆమె తలూపి, బీన్స్ మాడుతున్నాయి చూడమంది.

కాయ్ దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్దామని నేను తెగ ఉబలాటపడ్డాను. ఆమె వెళ్లనివ్వలేదు. "వాడి మాటకు నేను లెక్క చెప్పడమేంటి?" అంది. సరే, ఆమె ఇష్టం. నేను మాత్రం ఊళ్లో పదిమందికి చెప్పాను, వాళ్లలో ఇద్దరు కాయ్ చుట్టాలు.

ఆ మే నెలలో చర్చి ఆవరణలో ఏడాదికోసారి జరిగే భోజనాలకు ఆదివారం ఆరాధనలో కాగితం తిరిగింది. ఎవరేం వండి తెస్తారో, ఏ పని చేస్తారో పేరు పక్కన రాయాలి. ముప్ఫై ఏళ్లుగా వదిన ఒకేలా రాస్తుంది: కోడివేపుడు, బంగాళాదుంపల సలాడ్, పీచ్ పళ్ల తీపి రొట్టె, బల్లలు మోయడం, కుర్చీలు వేయడం. కిందటేడు కూడా అలాగే రాసింది. బల్లలు గార్లండ్ మోశాడు, తీపి రొట్టె నేను చేశాను.

కాగితం మా బెంచీకొచ్చింది. ఆమె పెన్నును పిడికిట్లో పట్టుకుంది. నేను కళ్లు పక్కకు తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. పెద్ద పెద్ద అక్షరాలతో నిదానంగా రాసింది: నెల్డా సెట్జర్, బంగాళాదుంపల సలాడ్, గిన్నె మోయడానికి నాకు ఒక మనిషి కావాలి.

రాసి, చేత్తో కప్పుకోకుండా, మడవకుండా, ఆ కాగితాన్ని వెనక బెంచీలో ఉన్న కాయ్‌కి అందించింది.